వీరాచారి దిద్దిన దొరగారి తప్పు

ఒక్క పావుగంట ఆలస్యమై ఉంటే పాతబస్తీలో పధ్నాలుగు నోళ్లు బోసిపోయేవి. దానికి ప్లేగు రానక్కర్లేదు, మూసీకి వరద రానక్కర్లేదు. నేనొక్కడిని చాలు. పట్టకారు వేడినీళ్లలో మరిగించి, చేతులు కడుక్కుని, మొదటి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి సిద్ధంగా ఉన్నాను కూడా. ఆ ఘనకార్యం ఎంతదాకా వచ్చి ఎలా ఆగిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నా భార్య నలభై ఏళ్లుగా నవ్వుతూనే ఉంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. కలకత్తాలో దంతవైద్యం చదువుకుని, మెడలో టై, చేతిలో తోలుపెట్టె, నెత్తిన రెండు కొమ్ములు పెట్టుకుని హైదరాబాదు తిరిగొచ్చాను. గాజుల దుకాణాల వెనక సందులో ఇల్లు అద్దెకు తీసుకుని, ముందు గదిలో కుర్చీ వేసి, గుమ్మం మీద మూడు భాషల్లో బోర్డు కట్టించాను. మూడు భాషల్లోనూ నా పేరు కన్నా నా చదువే పెద్ద అక్షరాల్లో ఉండేది.

చిగుళ్ల జబ్బు ఎంత ముదిరిందో ఆ రోజుల్లో ఎలా చూసేవారో తెలుసా? పన్ను వేలితో పట్టుకుని ఊపేవారు. ఊగితే పోయిందనేవారు, ఊగకపోతే ఇంకా ఉందనేవారు. నాకది చూస్తే ఒళ్లు మండేది. ఊహలతో వైద్యమేమిటి? కొలవాలి! ఎంత చెడిందో అంకెల్లో చెప్పాలి! కొలవడానికి నా దగ్గర సీమ నుంచి వచ్చిన సలాక ఒకటుంది. జానెడు కూడా ఉండదు. దాని కొస సూదిలా సన్నగా ఉంటుంది, ఆ కొస మీద వెంట్రుకంత సన్నటి గీతలుంటాయి. దాన్ని పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దింపాలి. చిగురు ఆరోగ్యంగా ఉంటే రెండు మూడు గీతల దగ్గరే ఆగిపోతుంది. జబ్బుపడిన చిగురు పంటిని వదిలేసి సంచిలా అవుతుంది కాబట్టి సలాక లోపలికి దిగిపోతుంది. ఎంత లోతు దిగితే అంత నష్టం జరిగినట్టు.

ఇక్కడ మీరు కాస్త ఓపిక పట్టి ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. నా కొంప ముంచింది ఇదే. ఆ గీతలు మిల్లీమీటరుకొకటి చొప్పున అన్నిచోట్లా ఉండవు. ఒకటి, రెండు, మూడు దగ్గర ఉంటాయి. నాలుగు దగ్గర ఉండదు. అయిదు దగ్గర ఉంటుంది. ఆరు దగ్గర మళ్లీ ఉండదు. ఏడు నుంచి పది దాకా మళ్లీ వరుసగా ఉంటాయి. అన్నీ పక్కపక్కనే ఉంటే కన్ను తికమకపడుతుందని, చూపు నిలవడానికి ఆ రెండు చోట్లు కావాలనే ఖాళీగా వదిలారు. కాబట్టి నాలుగో గీత మునిగితే లోతు అయిదన్నమాట. అయిదో గీత మునిగితే ఏడు. నేను దీన్ని ఎక్కంలా బట్టీపట్టాను. గీతలు లెక్కపెడుతూ సలాక దింపడం, ఎక్కం అప్పజెప్పడం, పుస్తకంలో రాసుకోవడం. ఏడూ ఆపైన వచ్చిన పన్ను పీకెయ్యాలన్నది నా శాసనం.

ఆ శాసనానికి మొదట చిక్కినవాడు ఖాదర్ భాయ్. నలభై అయిదేళ్ల మనిషి, సన్నాయి వాయిస్తాడు. పాతబస్తీలో ఆయన సన్నాయి లేకుండా పెద్దింటి పెళ్లి జరగదు. పళ్లు తోముకుంటే నెత్తురు వస్తోందని వచ్చాడు. నోట్లో ముప్పై ఏళ్ల పాన్, జర్దా తాలూకు ఎరుపు. పై వరసలో ముందరి నాలుగు పళ్ల దగ్గర సలాక దింపాను. నాలుగింటికీ అయిదో గీత మునిగింది.

"ఏడు, ఏడు, ఏడు, ఏడు," అన్నాను.

"ఏడంటె మంచిదేనా డాక్టర్ సాబ్?" అన్నాడు ఆశగా.

"ఏడంటె పీకుడే ఖాదర్ భాయ్."

ఆయన నోరు టక్కున మూసేశాడు. నా వేలు లోపలే ఉంది. అది వేరే కథ.

"గట్లనకుండ్రి సాబ్," అన్నాడు కాసేపటికి, సంచిలోంచి సన్నాయి తీసి ఒళ్లో పెట్టుకుంటూ. "ఈ నాలుగు పండ్ల మీదనే నా పెదవి ఆగేది. ఇవి పోతె పెదవి లోపలికి పోతది, గాలి పక్కకెళ్తది. మా ఇంట్ల ఆరుగురం ఈ గాలి మీదనే తింటున్నం."

"కట్టుడు పండ్లు పెడ్త. ఫికర్ చెయ్యకు."

"కట్టుడు పండ్లతోని ఊదితె, పండ్లు ముందల ఊరేగుతయి, బరాత్ ఎనక వస్తది."

నాకు నవ్వొచ్చింది, జాలి కూడా వేసింది. మూడు నెలల గడువిచ్చాను. పాన్ ముట్టకూడదు, రోజూ రెండుపూటలా ఉప్పునీళ్లు పుక్కిలించాలి, వారానికోసారి నా దగ్గరికొచ్చి పళ్ల గార గీకించుకోవాలి. మూడు నెలల తర్వాత మళ్లీ కొలుస్తాను. ఏడు దిగొస్తే పళ్లు ఆయనవి, లేకపోతే నావి.

ఖాదర్ భాయ్ నిజంగా తపస్సు చేశాడు. పాన్ దుకాణం కంటపడకుండా మూడు సందులు చుట్టుతిరిగి ఇంటికెళ్లేవాడు. ఉప్పునీళ్లు పుక్కిలించి పుక్కిలించి, ఆయన ఊదే రాగంలో కూడా ఉప్పు తగులుతోందని వాళ్ల బృందంలో డోలు కొట్టేవాడు నవ్వేవాడట.

ఈలోగా ఒక ఉపద్రవం జరిగింది. బేగంబజార్‌లో మిరపకాయల బస్తాలు మోసే ఆసామి ఒకడు వచ్చాడు. సలాక చిగురులోకి దిగగానే బాధకి పళ్లు బిగించాడు. బస్తాలు మోసేవాడి దవడ ఎంత గట్టిదో ఆ రోజే తెలిసింది. నా సలాక కొస వంకరపోయింది. చదువుకున్నవాణ్ణి కదా, నేనే సరిచేస్తానని రెండు వేళ్లతో వెనక్కి వంచాను. టక్‌మని రెండు ముక్కలైంది.

యుద్ధం రోజులవి. సీమ నుంచి ఓడలు రావడమే కష్టంగా ఉంటే, అందులో నా సలాక వస్తుందా? రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు నా భార్య లక్ష్మి కంచం ముందు పెట్టి అంది.

"ఇగో, ఎందుకింత లొల్లి? సందు మొగల అవుసుల వీరాచారి బాపు ఉన్నడు గద. నా ముక్కుపుల్ల పోతె గట్లాంటిదే ఇంకోటి చేసిచ్చిండు. చూసినోళ్లు పాతదే దొరికిందనుకున్నరు."

వీరాచారి డెబ్బై ఏళ్ల కంసాలి. కళ్లద్దాలకు ఒక పక్క కాడ బదులు దారం కట్టుకుని, అరుగు మీద కూర్చుని నగలు చేస్తుంటాడు. విరిగిన ముక్కలు ఆయన చేతిలో పెట్టాను. వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు. గోటితో గీతల్ని తడిమాడు.

"ఇది చేసినోడు పనిమంతుడే గని, జర తొందరల చేసిండు," అన్నాడు.

చూశారా? ఎందుకట్లా అంటున్నారని ఆ ఒక్క మాట నేను అడిగి ఉంటే ఈ కథే లేదు. నేను అడగలేదు. సీమ పనితనం గురించి ఈయనకేం తెలుసులే అని లోలోపల నవ్వుకుని, "అచ్చు గిట్లనే ఉండాలె బాపూ," అని చెప్పి వచ్చేశాను.

నాలుగు రోజులకి కొత్త సలాక వచ్చింది. వెండిలో రాగి కలిపి గట్టిపరిచి చేశాడు. పొడవు సరిపోయింది, సన్నం సరిపోయింది. పిడి మీద అడక్కుండానే మల్లెతీగ చెక్కాడు, ఒక్కో ఆకుకి ఈనెలతో సహా.

"అన్ని సరిగ్గ చేసిన బిడ్డా. ఇగ దీంట్ల ఏం తక్కువ లేదు," అన్నాడు వీరాచారి.

"అసలు దానికంటె మస్తుగున్నది బాపూ!" అన్నాను, మల్లెతీగనే చూస్తూ. కొసన గీతలున్నాయా అంటే ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలని తోచలేదు. పెళ్లిచూపులకెళ్లి పిల్లని చూడకుండా గోడమీది పటాల్ని చూసొచ్చిన మేధావిని నేను.

మర్నాటి నుంచి పాతబస్తీకి చిగుళ్ల జబ్బు ముంచుకొచ్చింది. ఎవరి నోట్లో సలాక దింపినా ఏడు, ఎనిమిది, తొమ్మిది! దూదేకుల సాయిబుకి ఏడు. పాలమ్మే మల్లవ్వకి ఎనిమిది. అత్తరు దుకాణం పెద్దమనిషి పంటినొప్పి లేకుండా ఊరికే మాట్లాడిపోదామని వస్తే, మొహమాటపెట్టి కొలిచి, తొమ్మిదని చెప్పి ఏడిపించి పంపాను. గడువులో ఉన్న ఖాదర్ భాయ్‌తో కలిపి పీకాల్సినవాళ్ల జాబితా పధ్నాలుగుకి చేరింది. ఒకే రోజున మొదలుపెట్టి అందరివీ వరసగా పీకుదామని చెప్పాను. ఇంత ఘోరం ఇన్నాళ్లు ఎవరి కంటా పడలేదంటే, కనిపెట్టిన నేనెంత గొప్పవాణ్ణో మీరే ఆలోచించండి. నేను చాలాసార్లు ఆలోచించాను.

ఇంట్లో ఎవరినీ వదలకూడదని లక్ష్మి పళ్లు కూడా కొలిచాను.

"నీ దవడ పన్నుకు ఐదొచ్చింది. ఇంకో రెండు దిగితె పీకుడే," అన్నాను గంభీరంగా.

"పొద్దుగాలనే చెరుకు గడ నమిలిన. మీ సలాకకే ఏమన్న రోగమొచ్చిందేమో చూసుకోండ్రి," అంది ఆవిడ కొంగు దులుపుకుని.

"సలాకకు రోగమొస్తదా ఎక్కడన్న?" అని పకపకా నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ మూల్యం చెల్లిస్తున్నాను.

మూడు నెలలు నిండాయి. ఖాదర్ భాయ్ తెల్లటి షేర్వాణీ వేసుకుని, పరీక్ష బాగా రాసిన పిల్లాడిలా మొహం పెట్టుకుని వచ్చాడు.

"చూడుండ్రి సాబ్. నెత్తురు బందయింది. పండ్లు ఊగుతలెవ్వు. నిన్న శెనగ గుడాలు గూడ నమిలి తిన్న!"

చిగుళ్లు గులాబీరంగుకి తిరిగాయి. వేలితో నొక్కితే నెత్తురు లేదు. పళ్లు కదల్లేదు. ఇంకెవరైనా అయితే అక్కడితో లేచి ఆయన్ని కౌగలించుకునేవాడు. కానీ నేను అంకెల మనిషిని కదా. సలాక దింపాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయిదో గీత మునిగింది. ఎక్కం అప్పజెప్పుకున్నాను. ఏడు. నాలుగు పళ్లకీ ఏడే.

"ఏం తగ్గలె ఖాదర్ భాయ్. గప్పుడెంతనో గిప్పుడంతే."

"అదెట్ల సాబ్? నా నోరు నాకు తెలుస్తది గద. మంచిగయింది."

"నీకు మంచిగనిపిస్తది. గని సలాక అబద్ధమాడది."

ఆయన షేర్వాణీ గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. "మూడు నెల్లు పాన్ ముట్టలె సాబ్," అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. "నవాబుల పెద్ద దేవిడీల పెండ్లి ఉన్నది వచ్చే జుమ్మా నాడు. పదిహేనేండ్ల సంది ఆ గేటు కాడ నేనే ఊదుత. ఇప్పుడు వేరేటోన్ని పెట్టుకుంటె, ఇగ నన్ను పిలువరు. పెండ్లయినంక పీకుండ్రి."

"చిగుర్ల విషం నెత్తుర్ల కలిస్తె గుండెకు పోతది. రేపే పీకాలె," అన్నాను. పుస్తకంలో అలాగే ఉంది. వైద్యుడన్నాక గుండె రాయి చేసుకోవాలని కూడా ఎక్కడో చదివాను. ఆయన మెట్లు దిగి వెళ్తుంటే గుమ్మం దాకా వెళ్లాను. అయినా పిలవలేదు. నా మంకుతనం అంతటిది.

మర్నాడు పొద్దున చెప్పిన వేళకే వచ్చాడు. సంచిలో సన్నాయి తెచ్చుకున్నాడు.

"ఒక్కసారి ఊదుకుంట సాబ్. ఈ పండ్లతోని ఆఖరిసారి," అన్నాడు.

సరేనని తలూపాను. కుర్చీలోనే నిటారుగా కూర్చుని, కళ్లు మూసుకుని అందుకున్నాడు. ఏం వాయించాడో రాగం పేరు నాకు తెలీదు. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు వాయించేదని తర్వాత చెప్పాడు. సందులో గాజులు బేరమాడుతున్న ఆడవాళ్లు బేరాలు ఆపేశారు. లక్ష్మి లోపలి గుమ్మంలోకి వచ్చి కొంగుతో కళ్లొత్తుకుంది. నేను పట్టకారు పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాను, ఏడుస్తున్న దంతవైద్యుణ్ణి చూస్తే రోగులు రారు కాబట్టి.

పాట అయ్యేసరికి గుమ్మంలో వీరాచారి ఉన్నాడు. చేతిలో ఊదుగొట్టం, దారం కట్టిన కళ్లద్దాలు నుదుటి మీద.

"పొద్దుగాలనే షెహనాయి ఏంది ఖాదరూ? ఎవరింట్ల పెండ్లి?"

"పెండ్లి గాదు చారి బాపూ. నా పండ్లకు విదాయి చెప్తున్న. డాక్టర్ సాబ్ నాలుగు పీకుతడట."

"గట్టి పండ్లు ఎందుకు పీకుతవ్ బిడ్డా?" అన్నాడు నావైపు తిరిగి.

"మీ సలాకనే చెప్పింది బాపూ," అన్నాను, ఆయన పనికి గౌరవం దక్కిందని సంతోషిస్తాడనుకుని. "ఐదో గీత దాక దిగింది. ఐదో గీతంటె లోతు ఏడు."

వీరాచారి కళ్లద్దాలు కిందికి దింపుకున్నాడు. "ఐదో గీతంటె ఐదు గద? ఏడెట్లయితది?"

"మీకు తెల్వదు బాపూ. నాలుగు కాడ, ఆరు కాడ గీతలుండవు."

"ఎందుకుండవు? ఉన్నయి."

"ఉండవు బాపూ."

"నేను పెట్టిన గదా!" అన్నాడు వీరాచారి, ఛాతీ విరుచుకుని. "నీకు చెప్పలేదా, చేసినోడు తొందరల చేసిండని? మధ్యల రెండు గీతలు మరిచిపోయిండు ఆ దొర. నువ్వు చదువుకున్న పిలగానివి, తప్పు సామానుతోని పని చేస్తవని నాకు పానం ఒప్పలె. ఆ రెండు నేను గీసిన. ఉత్తగనే!"

వీరాచారి మొలలోంచి చిన్న డబ్బీ తీశాడు. నమూనా ఇచ్చినవాడికి తిరిగిచ్చేదాకా జాగ్రత్తగా దాచడం ఆయన అలవాటు. పాత సలాక కొసముక్కని నా అరచేతిలో, కొత్తదాని పక్కన పెట్టాడు. వెలుతురులోకి వెళ్లి లెక్కపెట్టాను. పాతదానికి ఎనిమిది గీతలు. కొత్తదానికి పది. మళ్లీ లెక్కపెట్టాను. పదే. ఖాదర్ భాయ్‌ని లేపి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

"ఏమైంది సాబ్?"

"నీది ఏడు గాదు ఖాదర్ భాయ్. ఐదు."

"మరి మూడు నెల్ల కింద?"

"గప్పుడు పాత సలాక. గప్పుడు ఏడే."

ఆయన వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "అంటె... తగ్గిందా?"

"రెండు తగ్గింది. నాలుగు పండ్లకూ. ఇట్లనే చేస్తె ఇంక తగ్గుతది. నీ పండ్లు నువ్వే కాపాడుకున్నవ్ ఖాదర్ భాయ్. నేను పీకబోయిన."

కొడతాడనుకున్నాను. కొట్టినా సన్నాయితో కొట్టకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన నన్ను చూశాడు, వీరాచారిని చూశాడు, నా చేతిలోని పట్టకారుని చూశాడు. తర్వాత ఆ నాలుగు పళ్లూ కనబడేలా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, సన్నాయి అందుకుని ఊదాడు. ఈసారి పెళ్లికూతురు వెళ్లేది కాదు, పెళ్లికొడుకు గుర్రమెక్కి వచ్చేది. ఆ ఊపుకి వీరాచారి ఊదుగొట్టంతో తాళం వేశాడు.

"నా దవడ పన్ను?" అంది లక్ష్మి గుమ్మంలోంచి.

"నాలుగు."

"చెరుకు గడ చెప్పలేదా?" అని లోపలికెళ్లిపోయింది.

ఆ రోజంతా జాబితా చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మల్లవ్వ పాలచెంబు ఎత్తి కొట్టబోయి, పాలు ఒలుకుతాయని మానుకుంది. అత్తరు పెద్దమనిషి అప్పటికే మనవళ్లకి అప్పగింతలు పెట్టేశాడట, తొమ్మిది ఏడైందని చెబితే ఏడు కూడా ఎక్కువేనని బేరమాడాడు. మూడు నెలల గడువిచ్చి, ఖాదర్ భాయ్‌కి చెప్పిన ఉప్పునీళ్లే ఆయనకీ చెప్పాను. చివరికి పధ్నాలుగు మందిలో ఎవరి పన్నూ పీకాల్సిన పని పడలేదు.

జుమ్మా నాడు దేవిడీ గేటు దగ్గర ఖాదర్ భాయ్ సన్నాయి మోగింది. నేనూ వెళ్లాను. నన్ను చూడగానే చెయ్యి పట్టి పెద్దల ముందుకి లాక్కెళ్లి, పెదవెత్తి చూపించాడు.

"ఈ నాలుగు పండ్లు ఈ డాక్టర్ సాబ్ మెహర్బానీ! ఈయన లెక్క పండ్లు పీకని డాక్టర్ హైదరాబాద్‌ల ఇంకొకలు లేరు!"

దానితో నా గుమ్మం ముందు వరసలు కట్టారు. పీకబోయి ఆగిన మనిషికి, పీకడనే పేరు వచ్చింది. పేరు ఎలా వస్తుందో చూశారుగా?

ఇంకో సలాక చేయించాలి కదా. ఈసారి వీరాచారి అరుగు మీద కూర్చుని కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. నాలుగు దగ్గర వద్దు, ఆరు దగ్గర వద్దు, ఎనిమిదే గీతలు. ఆయన బుద్ధిగా విన్నాడు. నాలుగు రోజులకి తెచ్చిచ్చాడు. వెంటనే లెక్కపెట్టాను. ఎనిమిది! ఆనందంతో కాళ్లకి దండం పెట్టబోయాను.

"నువ్వు చెప్పినట్లే ఎనిమిదే పెట్టిన బిడ్డా," అన్నాడు వీరాచారి తృప్తిగా. "గని ఆ గీతల నడుమ ఎడాలు ఒక్కటి చిన్నగ, ఒక్కటి పెద్దగ, చూసెటందుకే బాగ లెవ్వు. అన్ని సమానం చేసిన."

పాఠకులారా, ఆ సాయంత్రం ఖాదర్ భాయ్ సన్నాయి మీద చెయ్యి వేసి, లక్ష్మి సాక్షిగా నేను ప్రమాణం చేశాను. ఏ కొలత సామానునీ స్కేలు పక్కన పెట్టి చూడనిదే మనిషి నోట్లో పెట్టను. నోరున్న మనిషి మంచిగయింది అంటే, నోరులేని సలాక మాట పట్టుకుని కాదనను. అన్నిటికన్నా ముఖ్యంగా, వీరాచారి ఏ వస్తువునైనా వెలుతురుకెత్తి "జర తొందరల చేసిండు" అన్నాడంటే, ఆయనకేం కనబడిందో పూర్తిగా విని, బతిమాలి, ఆ గోరు తడిమిన చోటల్లా కాగితం మీద రాసుకుంటేగానీ ఆ అరుగు దిగను గాక దిగను.